వసంతం డ్యూటీలో చేరిన వైనం

ఆ ఏడు గుమ్మడివరానికి వసంతం వేళకే వచ్చింది. వచ్చి, ఊరి పొలిమేరలో మున్సిపాలిటీ వారు పాతించిన స్వాగతం బోర్డు దగ్గర నిలబడింది. లోపలికి మాత్రం రానివ్వలేదు.

రానివ్వనిది కమిషనరు శశాంకమౌళి గారు. ఆయన దీపావళి వెళ్ళాక ఏదో కొండమీద జరిగిన శిక్షణకి వెళ్ళొచ్చారు. మామూలుగా శిక్షణకి వెళ్ళిన అధికారి ఒక చేతిసంచీ, ఒక పెన్నూ, కాస్త అజీర్తీ తెచ్చుకుంటాడు. ఈయన ఒక సిద్ధాంతం తెచ్చుకున్నారు. దాని పేరు ఋతుబద్ధ పురపాలన. మనిషి ఋతువుతో కలిసి బతకడం మానేశాడు గనకనే ఊళ్ళో రోగాలూ ఫిర్యాదులూ పెరిగాయట. అంచేత గుమ్మడివరం పురపాలక సంఘం ఇక మీదట ఋతువు ఎలా నడిస్తే అలా నడవాలట.

శిశిరం మొదలుకాగానే ఉత్తర్వులు వచ్చాయి. ఆఫీసులో అందరూ ఉన్ని కోటూ, కోతి టోపీ ధరించాలి. ఫ్యాన్ల స్విచ్చులకి లక్కతో సీళ్ళు వేయించారు. టీ బదులు శొంఠి కషాయం పెట్టించారు. శిశిరంలో నాటిన మొక్కని కదపకూడదు గనక ఉద్యోగులెవరూ ఆ ఋతువులో చార్జి అప్పగించి వేరే చోటికి పోరాదన్నారు. పక్క జిల్లాలో ప్రమోషను వచ్చిన ఆఫీసు మేనేజరు అవధాని గారు ఆ ముక్క దగ్గరే ఆగిపోయారు. ప్రకృతి విశ్రాంతి తీసుకునే కాలంలో శుభకార్యాలు ప్రకృతి విరుద్ధం కాబట్టి మున్సిపల్ కళ్యాణ మండపానికి తాళం వేయమన్నారు. ఇదంతా తదుపరి ఉత్తర్వులు వెలువడువరకు, అనగా వసంత ఋతువు అధికారికంగా ఆరంభమగువరకు.

మాఘమాసంలో ఎవరికీ ఏమీ అనిపించలేదు. చలికి కషాయం హాయిగానే ఉంది. పెళ్ళిళ్ళవాళ్ళు తిట్టుకుంటూ వేరే మండపాలు చూసుకున్నారు. ఫాల్గుణం సగమయ్యేసరికి ఎండలు ముదిరాయి. ఫైళ్ళ మీద సిరా కంటే చెమట ఎక్కువ పడసాగింది. ఎండగా ఉందని చెప్పడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. పెద్ద చదువులు చదివినవాళ్ళకి ఎండ ఒంటికి తగిలితే చాలదు, కాగితం మీద రావాలి.

ఈ మండపానికి తాళం వేసినవాడు పానకాలు.

పానకాలు ఆ మండపానికి వాచ్‌మన్. మీసాలు మొలిచిన కొత్తలో చేరాడు, ఇప్పుడవి నెరిశాయి. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళకి తెల్లారగట్ల తలుపు తీసినవాడూ, మర్నాడు అక్షింతలు ఊడ్చినవాడూ అతనే. ఎవరి తాళికట్టు దగ్గర ఎవరు అలిగారో, ఏ పెళ్ళికొడుక్కి జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు చెయ్యి వణికిందో అతనికి తెలుసు. అతనికి మాత్రం పెళ్ళి కాలేదు. "ఏం పానకాలూ, నీ పెళ్ళెప్పుడు?" అని అడిగిన ప్రతివాడికీ "మండపం ఖాళీ అవ్వాలి కదండీ" అనేవాడు. నవ్వులాటకి మొదలుపెట్టిన ఆ మాట అంటూ ఉండగానే అతనికి నలభయ్యారేళ్ళు నిండాయి.

నాంచారమ్మ ఆర్టీసీలో కండక్టరు. నిరుడు ఎవరిదో పెళ్ళికి వచ్చి మండపంలో చెప్పులు పోగొట్టుకుంది. మెట్ల మీద నిలబడి ఊరంతా వినపడేలా వాచ్‌మన్‌ని కడిగేస్తుంటే, పానకాలు తన కాళ్ళకున్నవి విప్పి ఆవిడ ముందు పెట్టాడు. మర్నాడు మొదటి ట్రిప్పులో బస్సు మండపం ముందు ఆగింది. ఆవిడ కిటికీలోంచి చెప్పులు అందించి, "ఎండలో వొట్టికాళ్ళతో ఇంటికి పోయినావంటగా. ఇంట్లో ఎవరూ తిట్టలేదా?" అంది. "తిట్టేవాళ్ళు లేరండి," అన్నాడు. అక్కడ మొదలైంది.

ముహూర్తం చైత్ర దశమికి కుదిరింది. దాటితే మూఢం, అది పోతే ఆషాఢం. గుళ్ళో చేసేసుకుందామని పానకాలు ఒకసారి అని చూశాడు.

"గుడి వద్దు," అంది నాంచారమ్మ, టికెట్ల సంచీ సర్దుకుంటూ. "మా అక్కచెల్లెళ్ళవీ, వాళ్ళ పిల్లలవీ, డిపోలో వాళ్ళవీ అన్ని పెళ్ళిళ్ళూ నీ మండపంలోనే చూశా. ఎప్పుడూ వెనక వరస కుర్చీ. పెళ్ళికాని దాన్ని ముందు కూర్చోబెడితే అపశకునమని పెద్దోళ్ళ గొడవ. ఈసారి ముందు కూర్చుంటా. అక్కడే. అర్థమయిందా?"

"అయింది."

"అయితే తాళం తీయించు. నేను బస్సు మడిసిని. స్టాండులో ఆగినంతసేపే ఆగుతా."

ఉగాది వచ్చింది, వెళ్ళింది. తాళం తీయమని ఉత్తర్వు రాలేదు. పానకాలు అర్జీ రాయించుకుని, కోటు తగిలించుకుని కమిషనరు గారి గదికి వెళ్ళాడు. ఆయన కోతి టోపీలో కూర్చుని ఉన్నారు. ముక్కు చివర ఒక చెమట బొట్టు వేలాడుతోంది. పక్కన అవధాని గారు, మెడకి మఫ్లరు కూడా చుట్టుకుని.

"అయ్యా, దశమికి నా పెళ్ళండి. మండపం తెరిపిస్తే..."

"ఇది ఏ ఋతువు, పానకాలూ?"

"వసంతమండి. ఉగాది వెళ్ళిపోయింది కదండీ."

"వెళ్ళిందని ఎవరు చెప్పారు?"

"పంచాంగమండి."

కమిషనరు గారు జాలిగా నవ్వారు. "పంచాంగం ప్రైవేటు వ్యక్తుల ప్రచురణ. అవధాని గారూ, మనకేమైనా ప్రతి అందిందా?"

"ప్రాపర్ ఛానెల్లో రాలేదండి, చిత్తం," అన్నారు అవధాని గారు.

"చూడు పానకాలూ. నీ చోటికి ఇంకో వాచ్‌మన్‌ని వేశామనుకో. నువ్వు తాళాలు అప్పగించకుండా అతను డ్యూటీలో చేరగలడా?"

"చేరలేడండి."

"అంతే. వసంతం వచ్చి ఉండవచ్చు. రాలేదని నేను అనను. కాని శిశిరం చార్జి అప్పగించలేదు. శిశిరానికి నిర్దేశించిన విధి ఏమిటి? ఆకు రాల్చుట. ఆ కిటికీలోంచి చూసి చెప్పు, చెట్లకి ఆకులున్నాయా, లేవా?"

పానకాలు చూశాడు. ఎదురుగా కానుగచెట్టు నిండుగా ఉంది. "ఉన్నాయండి," అన్నాడు.

"పని పూర్తిచేయనివాణ్ణి రిలీవ్ చేస్తే, రేపు ఆడిట్‌లో నువ్వు నిలబడతావా, నేను నిలబడాలా?"

పానకాలుకి అది సబబుగానే తోచింది. కమిషనరు గారి మాటల్లో ఉన్న ప్రమాదమే అది. గదిలో ఉన్నంతసేపూ అన్నీ సబబుగా ఉండేవి. బయటికొచ్చి వరండాలో ఎండ నెత్తిన కొడితే గానీ తేడా తెలిసేది కాదు. కాని తెలిసేలోపలే తన అర్జీ ఎంత పని చేసిందో అతను ఊహించలేదు. కమిషనరు గారు దాని మీదే ఆదేశం రాశారు: ప్రజల అవసరాల దృష్ట్యా శిశిరం పెండింగు పనిని యుద్ధప్రాతిపదికన పూర్తి చేయించవలెను.

మర్నాడు శానిటరీ ఇన్‌స్పెక్టరు జోజిబాబు నిచ్చెనలతో, దోటీలతో బయల్దేరాడు. వెనక పారిశుద్ధ్య సిబ్బంది, ఉన్ని కోట్లలో. ఊళ్ళో చెట్లన్నిటికీ ఉన్న పాత ఆకులు దూయడం మొదలైంది. వేప, కానుగ, బాదం, గానుగ మిల్లు పక్క రావి, ఏదీ వదల్లేదు. పూతమీదున్న వేపకొమ్మలు ఆకుతోపాటు పువ్వునీ పోగొట్టుకున్నాయి. ఆఫీసులో ఉగాది పచ్చడి కూడా ఆమోదం లేక ఆగిపోయి ఆ రోజే చేశారు, వేపపువ్వు లేకుండా. తిన్నవాళ్ళెవరికీ లోటు తెలియలేదు. ఆ ఆఫీసులో చేదు విడిగా కలపాల్సిన పని ఎప్పుడూ లేదు.

రైలుపేటలో ఒక ముసలమ్మ జోజిబాబు దోటీ పట్టుకుని ఆపేసింది. "మా చెట్టేం పాపం చేసిందయ్యా? నీడలో మంచం వేసుకునేదాన్ని."

"పాపం కాదు మామ్మా, బ్యాక్‌లాగు," అన్నాడు జోజిబాబు చెమట తుడుచుకుంటూ. "దీని వల్లే ఎండాకాలం ఆగిపోయింది."

"అదేదో ఆగితే మంచిదేగా?"

"నాకూ అట్టాగే అనిపించింది. అనిపించిందని రాయటానికి కాలమ్ లేదు."

చింతచెట్ల దగ్గర పని కుంటుపడింది. చింతాకు దూయడమంటే మాటలా. దూసే మనుషులు కూడా ఒక్కొక్కరే వాలిపోయారు. ఉన్ని కోట్లతో చెట్లెక్కిన వాళ్ళలో సగం మందికి వడదెబ్బ తగిలింది. శిశిరంలో వడదెబ్బకి వీలులేదు కాబట్టి సెలవు చీటీల్లో చలిజ్వరం అని రాశారు.

అంతలో ఇంకో గొడవ వచ్చిపడింది. దూసిన కొమ్మలు ఊరుకోక చిగుళ్ళు తొడిగాయి. లేతగా, ఎర్రగా, తళతళలాడుతూ. జోజిబాబు వాటిని ఏం చేయాలో తెలియక ఫైలు పెట్టాడు. చిగురు తొడుగుట వసంతం విధి గనకా, వసంతం ఇంకా డ్యూటీలో చేరలేదు గనకా, ఇవి అనధికార చిగుళ్ళు అని కమిషనరు గారు తేల్చారు. ప్రతి చెట్టు మొదట్లో ఒక నోటీసు అంటించారు, సంజాయిషీ ఇవ్వమని. చెట్లేవీ ఇవ్వలేదు. దాన్ని నేరం ఒప్పుకోవడంగా భావించి వాటినీ గిల్లించారు.

నీడపోయిన ఊళ్ళో కోయిలలు ఉండలేదు. కోయిల కూయని ఊళ్ళో వసంతం వచ్చిందని ఎవరు ఒప్పుకుంటారు? కమిషనరు గారు ఆ మాటే అన్నారు. "విన్నారా అవధాని గారూ? ఒక్క కోయిల కూడా లేదు. నేను ముందే చెప్పాను, ఇంకా శిశిరమే."

"చిత్తం," అన్నారు అవధాని గారు.

ఆ సాయంత్రం పానకాలు బస్టాండుకి వెళ్ళాడు. నాంచారమ్మ బస్సు మెట్టు మీద కూర్చుని మజ్జిగ తాగుతోంది.

"ఏందయ్యా మీ ఊరు?" అంది. "చెట్లన్నీ కొండకెళ్ళి గుండు చేయించుకొచ్చినట్టున్నయ్యి. నా బస్సులో పాసింజర్లు అడుగుతున్నారు, గుమ్మడివరం చెట్లకి ఏం మొక్కుందండీ అని. ఆ స్వాగతం బోర్డు అవతల కోయిల గొంతు చించుకుంటంది. బోర్డు దాటి ఇవతలికొచ్చామా, స్మశానమే."

"నా అర్జీ వల్లే ఇదంతా," అన్నాడు పానకాలు.

"నీ వల్లా? నీకంత సీను లేదులే, దిగులు పడమాక." మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి మెత్తగా అంది. "తోరణానికి మామిడాకైనా దొరికిద్దా మీ ఊళ్ళో?"

ఆ సంగతి పానకాలుకి అప్పటిదాకా తట్టలేదు. అన్నేళ్ళుగా ఏ పెళ్ళికైనా గుమ్మానికి మామిడాకులు గుచ్చింది అతనే. ఇప్పుడు తన పెళ్ళికి ఊరంతా గాలించినా ఒక్క ఆకు లేదు. మండపం లేదు, తోరణం లేదు. మిగిలింది తనూ, తన ఉన్ని కోటూ.

"బయటి ఊళ్ళ నుంచి నేను తెస్తాలే ఆకులు," అంది నాంచారమ్మ లేస్తూ. "తలుపు మాత్రం నువ్వే తీయాలి. దశమి దాటిందా, నేను డిపోలో చెప్పి లాంగ్ రూట్ వేయించుకుంటా. వెనక కుర్చీ వెతుక్కుంటా ఇంకో ఊళ్ళో. ఏడ్చి కాదు, ఊరికే చెబుతున్నా." విజిల్ ఊది, "రైట్" అంది. బస్సు వెళ్ళిపోయింది.

అష్టమినాడు ఉదయం పానకాలు మళ్ళీ కమిషనరు గారి గది గుమ్మంలో నిలబడ్డాడు. ఇంకో దారి తెలియక. లోపల ఆయన నిలబడే ఉన్నారు. టోపీ పక్కకి జరిగింది. ముఖం వెలిగిపోతోంది. రాజధానిలో పెద్ద కుర్చీకి ఆయనకి బదిలీ వచ్చింది. దశమి మధ్యాహ్నంలోగా చేరకపోతే ఆ కుర్చీ కింద కాచుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

"అవధాని గారూ, వెంటనే నా రిలీవింగ్ కాగితాలు. చార్జి మీకే అప్పగిస్తాను."

అవధాని గారు కదల్లేదు. మఫ్లరు ఒక చుట్టు వదులు చేసుకుని, ఒక ఫైలు తీసి, చూపుడువేలు పెట్టి చూపించారు. "శిశిరంలో నాటిన మొక్కను కదపరాదు. ఏ స్థాయి ఉద్యోగియూ చార్జి అప్పగించరాదు. ఏ స్థాయి అన్నది తమరే స్వహస్తాలతో చేర్చారండి. నా ప్రమోషనప్పుడు."

కమిషనరు గారు ఫైలు తన వైపు లాక్కున్నారు.

"అయితే ఉత్తర్వు రద్దు చేస్తాను."

"కౌన్సిల్ తీర్మానం కావాలండి. కౌన్సిల్ సమావేశాలు వసంతంలో పెట్టుకోవాలని తమ ఉత్తర్వు, చిత్తం."

కమిషనరు గారు కుర్చీలో కూర్చున్నారు. కిటికీలోంచి చూశారు. కానుగచెట్టు ఎండిన చీపురులా నిలబడి ఉంది. ఆయన ముఖంలోకి కొత్త ఆశ వచ్చింది. "ఆకులన్నీ రాలాయిగా. శిశిరం పని పూర్తయింది. దాన్ని రిలీవ్ చేసేద్దాం."

"చింతలు నిన్నటితో అయ్యాయండి," అన్నారు అవధాని గారు. "ఒక్క చెట్టు మిగిలింది. జోజిబాబు రిపోర్టులో ఉంది. తమ బంగళాలో మామిడి. అధికార నివాసం గనక చెయ్యి వేయడానికి భయపడ్డాడు."

"వేయించండి ఇప్పుడే."

"మనుషులందరికీ చలిజ్వరాలండి."

ఆ రోజు గుమ్మడివరం చూసిన దృశ్యం మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. ఉన్ని కోటులో కమిషనరు గారు నిచ్చెనెక్కి తన పెరట్లో మామిడాకులు తెంపుతున్నారు. కింద తలపాగా గుడ్డ పరిచి పట్టుకుని పానకాలు. అరుగు మీద అవధాని గారు, ఫైలు ఒళ్ళో పెట్టుకుని. ఊరు వదిలాయనుకున్న కోయిలలన్నీ ఎక్కడికో పోలేదు, గొంతెత్తకుండా ఆ చెట్టు మీదే దాక్కున్నాయి. ఊళ్ళో నీడ మిగిలిన చోటు అదొక్కటే మరి.

"అయ్యా, తొడిమతో సహా తెంపండి," అన్నాడు పానకాలు కింద నుంచి.

"ఎందుకు?"

"గుచ్చటానికి వీలు... లెక్కకి వీలుగా ఉంటుందండి."

ఆయన తొడిమతో సహా తెంపారు. పెద్దవీ, నిగనిగలాడేవీ, చిల్లి లేనివీ. పైకొమ్మ దగ్గరికి వెళ్ళేసరికి నెత్తి మీద ఒక కోయిల కూసింది. మామూలు కూత కాదు, ఇల్లు ఖాళీ చేయించే ఓనరు మీద అరిచినట్టు. దానికి ఇంకొకటి బదులిచ్చింది, దానికి మరొకటి. కాసేపట్లో చెట్టంతా మారుమోగింది.

"హాజరు వేసుకున్నానండి," అన్నారు అవధాని గారు, రాసుకుంటూ.

చివరి ఆకు తెంపాక కమిషనరు గారు నిచ్చెన మీదనుంచే శిశిరాన్ని రిలీవ్ చేస్తూ సంతకం పెట్టారు. కోటు మోచేతి దాకా జీడి కారింది. "ఇక వసంతాన్ని చేర్చుకోండి. తొందరగా."

"జాయినింగ్ రిపోర్టు మీద వసంతం తరఫున ఎవరైనా సంతకం పెట్టాలండి. కోయిలలకి సంతకం రాదు."

"ఎవరికి అవసరమో వాళ్ళే పెడతారు," అన్నారు కమిషనరు గారు విసుగ్గా.

అవధాని గారు ఒక్క క్షణం పానకాలు వైపు చూశారు. ఆ ముఖంలో నవ్వు లేదు. కాని మఫ్లరు పూర్తిగా తీసి మడతపెట్టారు. "ఇటు రావయ్యా," అన్నారు.

పానకాలు ఆకుల మూట కింద పెట్టి, చేతులు తుడుచుకుని, గీత మీద నెమ్మదిగా సంతకం చేశాడు. విధులలో చేరితిని. వసంత ఋతువు తరఫున, పానకాలు, కళ్యాణ మండపం వాచ్‌మన్.

దశమినాడు పొద్దున్నే మండపం తలుపులు తెరుచుకున్నాయి. బీగం తీసిందీ అతనే, గడప కడిగిందీ అతనే. పసుపు బట్టల్లో ఆ పనులు చేయకూడదని పురోహితుడు మొత్తుకున్నా వినలేదు. గుమ్మానికి కమిషనరు గారు స్వయంగా తెంపిన ఆకుల తోరణం కట్టాడు. నాంచారమ్మ బయటి ఊళ్ళ నుంచి బస్సు టాపు మీద తెచ్చిన ఆకులు పందిటికి సరిపోయాయి. ఆఫీసు వాళ్ళంతా పెళ్ళికి వచ్చారు, కోతి టోపీలతోనే. వసంతం చేరినట్టు ఉత్తర్వు ఉంది గానీ, కోట్లు విప్పమని విడిగా ఉత్తర్వు లేదు. కమిషనరు గారు రాజధానికి వెళ్ళిపోయాక చార్జిలో ఉన్న అవధాని గారికి విధాన నిర్ణయాలు తీసుకునే అధికారం లేదట. ఆయన కూడా మొదటి వరసలో కోటుతో కూర్చుని, చెమటలు కక్కుతూ, హాయిగా లడ్డూ తింటున్నారు. జోజిబాబు మాత్రం వంటల వెనక దాక్కుని టోపీ విప్పి విసురుకున్నాడు.

కండక్టర్లంతా వచ్చారు. తాళి కట్టగానే మేళం బదులు విజిళ్ళే మోగాయి. మండపం కప్పు మీద చేరిన కోయిలలు ఆ విజిళ్ళకి ఊరుకుంటాయా. పోటీకి దిగాయి.

జీలకర్ర బెల్లం ఇంకా నెత్తిన ఉండగానే నాంచారమ్మ ముందు వరస కుర్చీలనీ, వెనక వరస కుర్చీలనీ ఒకసారి తేరిపార చూసింది. తర్వాత పక్కకి వంగి మెల్లగా అడిగింది.

"అవధాని గారు చెప్పారు. సంతకం నువ్వే పెట్టావంటగా, వసంతం గారూ. ఇంత ఆలస్యంగానా రావటం? నలభయ్యారేళ్ళకా?"

పానకాలు తలంబ్రాలు దోసిట్లోకి తీసుకున్నాడు.

"ఏం చెయ్యను నాంచారమ్మా," అన్నాడు. "రిలీవ్ చెయ్యలేదు."